పింఛను అప్పీలు అందినట్టు రుజువు చేతిలో ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

పింఛను నిలిపివేస్తున్నామని నోటీసు అందుకున్నవారు, అర్హత ఉన్నా మంజూరు కాలేదని పైఅధికారికి అప్పీలు పెట్టుకున్నవారు మన గోదావరి డెల్టా మండలాల్లో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి ‘మీ అప్పీలు తిరస్కరించాం’ అనే జవాబు రాదు, ‘మీ కాగితం మాకు అందలేదు’ అనే జవాబు వస్తుంది. తిరస్కరిస్తే కారణం రాయాలి, ఆ కారణం తప్పని ఇంకో మెట్టు పైకి వెళ్లి చెప్పుకోవచ్చు. అందలేదంటే వాదించడానికి ఏమీ మిగలదు. ఈలోగా గడువు దాటిపోతుంది. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. ఆ డబ్బుతోనే మందులు కొనుక్కునే మనిషికి ఒక ముద్ర లేకపోవడం వల్ల అది ఆగిపోవడం చాలా అన్యాయం. అందుకే అప్పీలు ఎలా పంపాలో, అందినట్టు రుజువు ఎలా దక్కించుకోవాలో వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైనా కుదించకుండా ప్రచురించమని మనవి.

మొదటి జాగ్రత్త అప్పీలు రాయకముందే, నోటీసు చేతికి అందిన క్షణంలోనే తీసుకోవాలి. గడువును నోటీసు మీద అచ్చయిన తేదీ నుంచి లెక్కించాలా, చేతికి అందిన తేదీ నుంచి లెక్కించాలా అన్న గొడవ తరచూ వస్తుంది. గ్రామ సచివాలయం సిబ్బంది ఇంటికి తెచ్చి సంతకం చేయమంటే సంతకం కింద ఆ రోజు తేదీ వేయాలి. వేలిముద్ర వేసేవారైతే పక్కనే తేదీ రాయమని ఇంట్లో చదువుకున్న పిల్లల చేత అడిగించాలి. మన దగ్గరుండే ప్రతి మీద కూడా ‘ఫలానా తేదీన అందింది’ అని రాసుకోవాలి. పోస్టులో వస్తే కవరు చింపి పారేయకూడదు. కవరు మీది పోస్టాఫీసు ముద్రే అందిన తేదీకి సాక్ష్యం. గడువు ఎన్ని రోజులో, ఎవరికి అప్పీలు చేయాలో నోటీసులోనే ఉంటుంది. పక్కింటివాళ్ల నోటీసు చూసి మనదీ అంతే అనుకోవద్దు. చివరి రోజు ఆదివారమో సెలవో అయితే మర్నాడు ఇవ్వవచ్చన్నది చట్టాల్లో ఉన్న సాధారణ సూత్రమే. కానీ దాన్ని నమ్ముకుని ఆగేకంటే వారం ముందే ఇచ్చేయడం క్షేమం.

అప్పీలు ఒకటి రెండు పేజీలు దాటనక్కర లేదు. పైన పింఛను ఐడీ, రైస్ కార్డు నంబరు, ఆధార్ చివరి నాలుగు అంకెలు, సచివాలయం పేరు, ఫోన్ నంబరు ఉండాలి. ఆ వెంటనే నోటీసు నంబరు, తేదీ, అందిన తేదీ రాయాలి. ఆధార్ పన్నెండు అంకెలూ ప్రతి కాగితం మీదా రాయడం మంచిది కాదు, ఆ కాగితాలు ఎన్ని చేతులు మారతాయో తెలియదు. తర్వాత నోటీసులో చెప్పిన కారణం ఏమిటో, అది ఎందుకు తప్పో రాయాలి. ఇక్కడే చాలా అప్పీళ్లు దారి తప్పుతున్నాయి. ‘నేను పేదవాడిని, దయచేసి పింఛను ఇప్పించండి’ అని రెండు పేజీలు రాసి, అసలు కారణాన్ని ముట్టుకోకుండా వదిలేస్తున్నారు. చదివే అధికారికి కావలసింది ఆ కారణానికి జవాబు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటిందన్నారనుకోండి, ఆ సర్వీసు నంబరు ఎవరిదో చూడాలి. అద్దె ఇంటి మీటరుకో, కొడుకు కాపురం ఉండే ఇంటి మీటరుకో ఈ మనిషి ఆధార్ కలిసిపోయి ఉండటం మామూలే. విద్యుత్ సెక్షన్ ఆఫీసులో ఏడాది వాడకం వివరం తీసుకుని జతచేయాలి. మాగాణి 3 ఎకరాలు మించిందంటే 1బీ, అడంగల్ అనే భూమి రికార్డుల నకళ్లు కావాలి. కారు ఉందంటే, అది ఎప్పుడో అమ్మేసినదైతే పేరు మారిన ఆర్‌సీ కావాలి. వైకల్యం 40 శాతం లోపేనన్నారంటే పాత సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), ఆస్పత్రి కాగితాలు జతచేసి, మళ్లీ పరీక్ష చేయించమని స్పష్టంగా అడగాలి.

చివర మూడు కోరికలు విడివిడిగా రాయాలి. నోటీసును రద్దు చేయమనడం ఒకటి. అప్పీలు తేలేదాకా పింఛను కొనసాగించమనడం రెండోది. నిర్ణయం ఏదైనా కారణాలతో రాతపూర్వకంగా ఇవ్వమనడం మూడోది. ఆ కింద ‘జతపరచినవి’ అని రాసి ప్రతి కాగితం పేరు, ఎన్ని పేజీలో వేయాలి. అన్ని పేజీలకూ వరస నంబర్లు వేసి ‘మొత్తం 9 పేజీలు’ అని మొదటి పేజీలోనే రాయాలి. ఈ చిన్న పని చేయనందువల్ల జరిగే నష్టం తక్కువేమీ కాదు. అప్పీలు అందిందని ఒప్పుకుని, ‘సర్టిఫికెట్ జతచేయలేదు’ అని తోసిపుచ్చిన సందర్భాలు ఉన్నాయి. జాబితా ఉన్న పేజీ మీద ఆఫీసు ముద్ర పడితే ఆ మాట అనడం కష్టం. అసలు సర్టిఫికెట్లు ఎప్పుడూ ఇవ్వొద్దు, జిరాక్స్‌లే ఇవ్వాలి.

ఇక ఎవరికి అన్న ప్రశ్న. పల్లెల్లో సాధారణంగా ఎంపీడీవోకు (మండల పరిషత్ అభివృద్ధి అధికారికి), పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు. 2025లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన తర్వాత వచ్చిన నోటీసుల మీద అప్పీళ్లు వెళ్లింది వీళ్లకే. నోటీసులో వేరే అధికారి పేరుంటే ఆ అధికారికే ఇవ్వాలి. కలెక్టరుకు, డీఆర్‌డీఏ (జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు డైరెక్టరుకు నకళ్లు పంపవచ్చు గానీ, నకలు పంపితే అప్పీలు చేసినట్టు కాదు. ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి ఇంటికి వచ్చిన సిబ్బంది చేతికి అప్పీలు ఇచ్చి ఊరుకోవడం మన దగ్గర బాగా అలవాటైంది. వాళ్లు మంచివాళ్లే కావచ్చు, తీసుకెళ్లి ఇచ్చేవాళ్లే కావచ్చు. కానీ ఆ రోజు వాళ్ల చేతిలో డబ్బు సంచి, వేలిముద్రల యంత్రం, ఇంకా తిరగాల్సిన ఇళ్లు ఉంటాయి. మీ కాగితం ఏ పుస్తకంలో ఇరుక్కుందో వాళ్లకే గుర్తుండదు. అప్పీలు ఆఫీసుకు చేరాలి, ఆఫీసు రిజిస్టరులోకి ఎక్కాలి.

చేతికి ఇచ్చి ముద్ర వేయించుకోవడమే అన్నిటికంటే గట్టి రుజువు. ఒకే రకంగా ఉన్న రెండు సెట్లు తీసుకెళ్లాలి. ఎంపీడీవో గారు క్యాంపులో ఉన్నారని, మీటింగులో ఉన్నారని తిరిగి వచ్చేయనక్కర లేదు. టపా తీసుకునేది ఆఫీసు, అధికారి ఎదురుగా ఉండాలన్న నియమం లేదు. ఇన్‌వార్డు (ఆఫీసుకు వచ్చిన కాగితాల నమోదు) చూసే గుమస్తా దగ్గరకు వెళ్లి ఒక సెట్ ఇచ్చి, రెండో సెట్ మీద అందినట్టు రాయించుకోవాలి. ఆ రాతలో ఐదు ఉండాలి: ఆఫీసు పేరున్న ముద్ర, తేదీ, ఇన్‌వార్డు నంబరు, తీసుకున్నవారి సంతకం, వారి హోదా. ముద్ర ఉండి తేదీ లేకపోతే గడువులోగా ఇచ్చినట్టు చూపించలేం. తేదీ ఉండి నంబరు లేకపోతే తర్వాత రిజిస్టరులో వెతకడం అసాధ్యం. పొట్టి సంతకం ఒక్కటే ఉంటే ఏడాది తర్వాత అది ఎవరిదో ఎవరూ చెప్పలేరు, ఈలోగా బదిలీలు అయిపోతాయి. నంబరు రేపు వేస్తామంటే ముద్ర, తేదీ, సంతకం ఆ రోజే తీసుకుని, మర్నాడు ఫోన్ చేసో వెళ్లో నంబరు రాయించుకోవాలి. ఈ-ఆఫీసులో, అంటే కంప్యూటర్ ఫైళ్ల పద్ధతిలో ఎక్కించే చోట కంప్యూటర్ నంబరు వస్తుంది. అదీ రాయించుకుంటే ఫైలు ఎవరి దగ్గర ఆగిందో తర్వాత తేలిగ్గా తెలుస్తుంది.

ముద్ర పడ్డ కాగితాన్ని గుమ్మం దాటకముందే ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు పంపాలి. వరదకు ఇంట్లో నీళ్లొచ్చి కాగితాలన్నీ తడిసిపోవడం గోదావరి పాయల మధ్యనున్న లంక గ్రామాలవారికి కొత్త కాదు. కాబట్టి ఆ ఫొటో చాలా ముఖ్యం.

కొన్నిచోట్ల కాగితం తీసుకుంటారు గానీ ముద్ర వేయరు. ‘మా మీద నమ్మకం లేదా’ అంటారు. గొడవ పడటం వల్ల లాభం లేదు. ‘మా పిల్లలకు చూపించాలండి, ఒక్క ముద్ర వేయండి’ అని అడిగితే చాలాసార్లు పని అవుతుంది. అప్పటికీ వేయకపోతే ఆ రోజే పోస్టాఫీసుకు వెళ్లి అదే అప్పీలును అదే అధికారికి పోస్టు చేయాలి. మొదటి పేజీ పైన ‘ఈ రోజు ఇన్ని గంటలకు ఆఫీసులో స్వయంగా ఇవ్వబోగా అందినట్టు రాసివ్వనందున పోస్టులో పంపుతున్నాను’ అని ఒక్క వాక్యం చేర్చాలి. నిష్ఠూరపు మాటలు వద్దు. తేదీ, సమయం, జరిగింది ఉంటే చాలు.

పోస్టు విషయంలో ఈమధ్య వచ్చిన మార్పు చాలామందికి తెలియదు. పాతకాలపు రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు విడిగా లేదు, 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్‌లో ‘రిజిస్టర్ చేయండి’ అంటే మామూలు స్పీడ్ పోస్టు చేసి రసీదు ఇచ్చే అవకాశం ఉంది. మనం అడగాల్సింది స్పీడ్ పోస్టు, దానికి అదనంగా రిజిస్ట్రేషన్, ఇంకా డెలివరీ రుజువు. ఈ మూడూ కలిపి అడగాలి. 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం 50 గ్రాముల లోపు కవరుకు స్థానికంగా 19 రూపాయలు, బయటి ఊళ్లకు 47 రూపాయలు. 50 దాటి 250 గ్రాముల లోపు అయితే స్థానికంగా 24, 200 కిలోమీటర్ల లోపు ఊళ్లకు 59. రిజిస్ట్రేషన్‌కు మరో 5 రూపాయలు. వీటి మీద జీఎస్టీ అదనం. ఏ4 కాగితం ఒక్కొక్కటి దాదాపు 5 గ్రాములు తూగుతుంది. పది కాగితాలకు కవరు బరువు కలిస్తే 50 దాటుతుంది. రెండు వైపులా జిరాక్స్ తీయిస్తే కొంత కలిసివస్తుంది. డబ్బులు మిగులుతాయని కవరుకు మామూలు స్టాంపులు అంటించి డబ్బాలో వేయడం మాత్రం వద్దు. దానికి ఏ రుజువూ ఉండదు. వెనకటికి కవరు వేసినట్టు కాగితం మీద ముద్ర వేసి ఇచ్చే పోస్టింగ్ సర్టిఫికెట్ ఉండేది, దాన్ని 2011లోనే తీసేశారు.

చిరునామా దగ్గర మన ప్రాంతంలో ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. కోనసీమవాళ్లకు కలెక్టరేటు అమలాపురంలో ఉంది. అయినా పాత అలవాటు కొద్దీ కాకినాడ అని రాసేవారు ఇంకా ఉన్నారు. భీమవరం, నరసాపురం, తాడేపల్లిగూడెం వైపువారికి జిల్లా కేంద్రం భీమవరం. వాళ్లలో కొందరు ఏలూరుకు పంపుతున్నారు. తప్పు కలెక్టరేటుకు చేరిన కవరును వాళ్లు సరైన జిల్లాకు పంపవచ్చు, పంపకపోవచ్చు. పంపినా గడువు లోపల చేరుతుందన్న భరోసా లేదు. పిన్‌కోడ్ కూడా సరిగా ఉండాలి: అమలాపురం 533201, కాకినాడ 533001, భీమవరం 534201. మండల ఆఫీసుకైతే ఆ ఊరి పోస్టాఫీసు పిన్ కనుక్కుని రాయాలి. ఎక్కడి నుంచి పోస్టు చేశామన్నది ముఖ్యం కాదు. సఖినేటిపల్లి మనిషి పంటు మీద గోదావరి దాటి నరసాపురంలో పోస్టు చేసినా చెల్లుతుంది, కవరు మీది చిరునామా మాత్రం కోనసీమ ఆఫీసుదే కావాలి.

కవరు మీద అధికారి సొంత పేరు రాయకూడదు. ‘మండల పరిషత్ అభివృద్ధి అధికారి’ అని హోదా, ఆఫీసు, మండలం, జిల్లా, పిన్ రాస్తే చాలు. రిజిస్ట్రేషన్ చేసిన కవరును ఎవరి పేరున ఉందో వారికే, లేదా వారు అధికారమిచ్చిన మనిషికే ఇస్తారు. పేరు రాశాక ఆ అధికారి బదిలీ అయిపోతే కవరు ఆయన వెంట కొత్త ఊరికి వెళ్లవచ్చు, లేదా మన ఇంటికే తిరిగి రావచ్చు. హోదా పేరున వెళ్తే ఆ కుర్చీలో ఎవరున్నా ఆఫీసు తీసుకుంటుంది.

పోస్టు రసీదు మీద 13 అక్షరాల నంబరు ఉంటుంది: ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐ ఎన్. ఆ రసీదు వేడికి అచ్చయ్యే నున్నటి కాగితం మీద వస్తుంది. మన ఉక్కకు, పర్సులో చెమటకు కొన్ని నెలల్లోనే తెల్లబడిపోతుంది. ఆ రోజే జిరాక్స్ తీయించి, ఫొటో కూడా తీయాలి. ఆ నంబరును మన దగ్గరున్న అప్పీలు ప్రతి మొదటి పేజీ మీద చేత్తో రాయాలి.

రసీదుతో కవరు వెళ్లిందని తేలుతుంది గానీ, కవరులో ఏముందో తేలదు. ‘కవరు వచ్చింది, అందులో వేరే కాగితం ఉంది’ అనడానికి వీలుంది. అందుకని కవరు ఎడమవైపు కింద ‘పింఛను అప్పీలు, నోటీసు నంబరు ఇది, మొత్తం 9 పేజీలు’ అని రాసి, సీలు వేయకముందు కవరును, కాగితాలను పక్కపక్కన పెట్టి ఫొటో తీయాలి. ఒకే కవరులో ఇద్దరు ముగ్గురి అప్పీళ్లు కలిపి పెట్టడం చాలా నష్టం. రిజిస్టరులో ఒక్క ఎంట్రీ పడుతుంది, మిగిలినవి అదే మనిషి కాగితాలనుకుని ఫైలులో కలిసిపోతాయి. ఎవరి కవరు వారిదే.

రెండు మూడు రోజుల తర్వాత ఇండియా పోస్టు ట్రాకింగ్‌లో నంబరు కొట్టి చూడాలి. ‘డెలివర్డ్’ అని తేదీ, సమయంతో కనపడగానే ప్రింటు తీయించాలి. ఆ వివరాలు ఎల్లకాలం ఉండవు, ఆర్నెల్ల తర్వాత వెతికితే దొరక్కపోవచ్చు. కవరు తిరిగి వస్తే దాన్ని తెరవకూడదు. ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అని పోస్ట్‌మ్యాన్ రాసిన కవరు, సీలు విప్పకుండా ఉన్నంతకాలం బలమైన సాక్ష్యం. విప్పితే అందులో ఏముందో మళ్లీ మనమే చెప్పుకోవాలి. ఆఫీసుకు తాళం ఉందని తిరిగి వస్తే వెంటనే మళ్లీ పోస్టు చేయాలి. రెండో శనివారం మండల ఆఫీసుకు సెలవు, పోస్టాఫీసుకు పని రోజు. శుక్రవారం పోస్టు చేసిన కవరు అలాంటి శనివారం తాళం దగ్గర ఆగిపోతుంది. సంక్రాంతి రోజుల్లోనూ ఇంతే.

వరదల రోజులను విడిగా లెక్కలోకి తీసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. గోదావరి ఆ స్థాయికి వస్తే లంకలకు వెళ్లే కాజ్‌వేలు మునుగుతాయి, టపా సంచులు ఆగుతాయి, మండల సిబ్బంది అంతా పునరావాస కేంద్రాల పనిలో ఉంటారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా గడువున్న లంకవాసులు నోటీసు అందిన వారంలోపే అప్పీలు పంపేయడం మంచిది. వరద వల్ల ఆలస్యమైతే ఆ సంగతి అప్పీలులోనే తేదీలతో రాసి, ఆలస్యాన్ని మన్నించమని అడగాలి. దినపత్రికలో మీ మండలం ముంపు గురించి వచ్చిన వార్త కత్తిరించి జతచేసినా పనికొస్తుంది.

సరైన చిరునామా రాసి, రుసుము చెల్లించి, రిజిస్టర్ చేసి పోస్టు చేసిన కవరు మామూలుగా చేరాల్సిన సమయానికి చేరినట్టే భావించాలని 1897 జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. అది కేంద్ర చట్టాల కింద పోస్టులో పంపే నోటీసుల కోసం పెట్టిన నియమం. పాత సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 119వ సెక్షన్ ప్రకారం కూడా, తపాలా వ్యవహారం మామూలు పద్ధతిలోనే జరిగిందని కోర్టు అనుకోవచ్చు. అందలేదని చూపించే భారం అప్పుడు అవతలివారి మీద పడుతుంది. అయితే ఆ భావన నిలబడాలంటే చిరునామా సరిగా ఉండాలి, రసీదు ఉండాలి. చిరునామా గురించి ఇంత చెప్పింది అందుకే.

సోమవారం గ్రీవెన్స్ గురించి కూడా చెప్పాలి. కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే నంబరుతో రసీదు ఇస్తారు. ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1100కు ఫోన్ చేసినా నంబరు వస్తుంది. రుజువుగా ఇది మంచిదే, పైగా ఖర్చు లేదు. కానీ రెండు లోపాలున్నాయి. రసీదు మీద మన సమస్యను ఒక్క వాక్యంలో కుదిస్తారు. ‘పింఛను రద్దుపై అప్పీలు’ అని రాయాల్సిన చోట ‘పింఛను కోరుతున్నారు’ అని పడితే అది కొత్త దరఖాస్తు లెక్కలోకి వెళ్లిపోతుంది, అప్పీలు చేసిన ఆనవాలే ఉండదు. కౌంటర్ దగ్గరే ఆ వాక్యం చదివించుకుని, తప్పుంటే అక్కడే దిద్దించాలి. రెండోది, ఆ అర్జీ తిరిగి తిరిగి మన సచివాలయానికే వస్తుంది, ‘అర్హత లేదు’ అని రాసి మూసేస్తారు, పరిష్కారమైనట్టు ఫోన్‌కు సందేశం వస్తుంది. అందువల్ల గ్రీవెన్స్ అర్జీ అదనపు బలమే గానీ అప్పీలుకు బదులు కాదు. అందులో కూడా ‘ఫలానా తేదీన ఎంపీడీవో ఆఫీసులో ఫలానా ఇన్‌వార్డు నంబరుతో అప్పీలు ఇచ్చాను’ అని రాస్తే రెండూ ఒకదానికొకటి సాక్ష్యంగా నిలుస్తాయి.

ఈ-మెయిల్ పంపితే పంపండి, అదే సెట్ పీడీఎఫ్‌గా, ఆఫీసు అధికారిక చిరునామాకే. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడ్డాయని నిశ్చింతగా ఉండవద్దు. అది ఒక ఉద్యోగి సొంత ఫోన్, ఆఫీసు రిజిస్టరు కాదు.

దివ్యాంగుల అప్పీళ్లలో ఇంకో మెట్టు ఉంటుంది. అప్పీలు తర్వాత మళ్లీ పరీక్షకు రమ్మని తేదీ, ఆస్పత్రి పేరుతో పిలుపు వస్తుంది. ఆ రోజు వెళ్లినట్టు కూడా రుజువు కావాలి. డాక్టరు లేరని, యంత్రం పనిచేయడం లేదని వెనక్కి పంపితే, పిలుపు కాగితం వెనకే ‘హాజరయ్యారు, పరీక్ష జరగలేదు’ అని ముద్రతో రాయించుకోవాలి. కుదరకపోతే ఆ రోజు ఓపీ చీటీ అయినా తీసుకోవాలి. లేకుంటే ‘పరీక్షకు రాలేదు’ అని ఫైలు మూతపడుతుంది.

నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామస్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆపై ఆఫీసులకు 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఆ రుజువు జతచేస్తే రుసుమే అక్కర లేదు. ‘నా అప్పీలు ఏమైంది?’ అని అడిగితే ‘పరిశీలనలో ఉంది’ అని జవాబు ఇచ్చేసి ఊరుకుంటారు. అందుకని రికార్డు అడగాలి: ఫలానా తేదీ ఇన్‌వార్డు రిజిస్టరు పేజీ నకలు, నా అప్పీలుకు వేసిన నంబరు, ప్రస్తుతం ఫైలు ఎవరి దగ్గర ఉంది, దాని మీద రాసిన నోట్ నకలు, ఉత్తర్వు జారీ అయితే దాని నకలు. పోస్టులో పంపి ఉంటే స్పీడ్ పోస్టు నంబరు రాసి, ఆ కవరును రిజిస్టరులో ఏ తేదీన ఎక్కించారో అడగాలి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలుకు మరో ముప్పై రోజులు ఉంటుంది. ఈ దరఖాస్తు అందినట్టు కూడా ముద్ర వేయించుకోవాలని వేరే చెప్పనక్కర లేదు.

అక్కడా తేలకపోతే హైకోర్టు దాకా వెళ్లే హక్కు ఉంది. అప్పీలు ఇచ్చినా తేల్చలేదని అడగాలంటే ఇచ్చినట్టు చూపించాలి. ఏ లాయరైనా మొదట అడిగేది ముద్ర ఉన్న కాగితమే. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు 1987 న్యాయసేవల చట్టం కింద ఉచిత న్యాయసాయం దొరుకుతుంది. ఆదాయంతో పని లేదు. దగ్గరి కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీలో అడగవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.

అధికారులకు కూడా ఒక విన్నపం. ఇదంతా నేర్చుకుని పాటించాల్సిన భారం ఎనభై ఏళ్ల ముసలమ్మ మీద పెట్టడం న్యాయం కాదు. ప్రతి మండల పరిషత్ ఆఫీసులో, ప్రతి సచివాలయంలో ఇన్‌వార్డు ఎవరు తీసుకుంటారో, ఏ వేళల్లో తీసుకుంటారో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాలి. అడగకపోయినా రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, నంబరు వేసి ఇవ్వాలని కలెక్టర్లు రాతపూర్వకంగా ఆదేశించాలి. నోటీసు కిందనే ఎవరికి అప్పీలు చేయాలో హోదా, పిన్‌కోడ్‌తో సహా పూర్తి చిరునామా తెలుగులో అచ్చు వేయాలి. నోటీసుతో పాటే ఖాళీ అప్పీలు ఫారం, దాని కింద చింపి ఇచ్చే రసీదు ముక్క జతచేస్తే ఆఫీసుకు అయ్యే ఖర్చు ఒక కాగితం. కోనసీమ, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి, కాకినాడ జిల్లాల కలెక్టర్లు వచ్చే విడత నోటీసుల నుంచే దీన్ని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత మండల కార్యాలయ ఉద్యోగి,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా